పుదీనా డబ్బాలో వీణ పలకాలంటే

చిట్టిబాబు వీణ మీద ‘కొమ్మలో కోయిల’ విననివాళ్ళు మన పెద్దల్లో అరుదు. కానీ తీగ మీటిన క్షణాన పుట్టే చిన్న చప్పుడు, వెంటనే విప్పారే నాదం, అది సన్నగిల్లి మాయమయ్యేదాకా సాగే ఊగిసలాట, ఈ మూడూ విడివిడిగా చెవిన పడ్డవాళ్ళు ఎంతమంది? రికార్డింగులో అవన్నీ ఉన్నాయి. మన చెవిదాకా రాకుండా మధ్యదారిలో పోతున్నాయి. అలా పోయేదాన్ని పట్టి తెచ్చేదే జేబులో ఇమిడే హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్, ముద్దుగా ఆంప్. దాన్ని చేతులారా కట్టుకుని, తన చెవికీ తన హెడ్‌ఫోన్‌కీ సరిపోయేలా దిద్దుకునే విద్య ఈ పాతికేళ్ళలో ప్రపంచమంతా పాకింది. ఆ విద్యను సంగీత సేవ కిందే జమ కడతాను.

మలేషియా బంటింగ్‌లో కాపురముండే తెలుగువాడికి దాని విలువ ఇట్టే తెలుస్తుంది. ఒకవైపు పామాయిల్ తోటలు, ఒకవైపు మొరీబ్ సముద్రతీరం, ఊరి పక్కన లంగాట్ నది. మంచి కచేరీ వినాలంటే కౌలాలంపూర్ దాకా పోవాలి, అదీ ఎవరో రావాలి, ఎవరో పిలవాలి. మిగిలిన రోజులన్నిటికీ హెడ్‌ఫోనే మన సభ. ఆ సభలో ద్వారం వెంకటస్వామి నాయుడు ఫిడేలు ఎలా వినిపించాలో అలా వినిపించకపోతే ఆయనకూ అన్యాయం, మనకూ అన్యాయం.

మహానుభావులు కొందరు

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. అమెరికాలో జాన్ కాస్ 1958లో స్టీరియో హెడ్‌ఫోన్ తెచ్చాడు. జర్మనీలో సెన్‌హైజర్ 1968లో హెచ్‌డీ 414తో చెవులకు గాలాడనిచ్చింది. 1979లో సోనీ వాక్‌మన్ పాటను వీధిలోకి నడిపించింది. 1992లో టిల్ హర్ట్‌సెన్స్ హెడ్‌రూమ్ సంస్థ పెట్టి, వెంట తీసుకెళ్ళే హెడ్‌ఫోన్ ఆంప్‌కు ఒక బజారంటూ ఏర్పరిచాడు.

అసలు ఘనత మాత్రం చూ మోయ్‌ది. ఈ శతాబ్దం మొదలవుతున్న రోజుల్లో ఆయన ఒక చిన్న సర్క్యూట్ గీసి అందరికీ ఇచ్చేశాడు. ఆపరేషనల్ ఆంప్లిఫయర్ చిప్పు ఒకటి, 9 వోల్టుల బ్యాటరీ ఒకటి, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు. అంతే! ఆల్టాయిడ్స్ పుదీనా బిళ్ళల రేకు డబ్బాలో మొత్తం ఇమిడిపోతుంది. టంకం (సోల్డరింగ్) పెట్టడం రాని కుర్రాళ్ళు దీనితోనే అక్షరాభ్యాసం చేశారు. ఆ ఆంప్‌కు ఆయన పేరే నిలిచింది: సీమోయ్. ఒక మనిషి పేరు వస్తువు పేరైపోవడం కంటే పెద్ద బిరుదు ఏముంటుంది?

జర్మనీలో యాన్ మైయర్ హెడ్‌ఫోన్‌లో వచ్చే కృత్రిమమైన ఎడమ కుడి చీలికను చక్కదిద్దే పనిలో పడ్డాడు. రే శామ్యుయెల్స్ అరచేతిలో సగానికి హార్నెట్ అనే ఆంప్‌ను దించాడు. బ్రిటన్‌లో రాబర్ట్ వాట్స్ మేధ ఫలించి 2015లో కార్డ్ మోజో అనే జేబు ఆంప్ వచ్చింది. వీళ్ళందరికీ దండం పెడతాను. కానీ నా మనసు మాత్రం పేరు చెప్పుకోని ఒక మనిషి దగ్గరే ఆగిపోతుంది. ‘ఎన్‌డబ్ల్యూఏవీగై’ అన్న మారుపేరుతో ఆయన 2011లో ఓ2 అనే ఆంప్ బొమ్మనూ, కొలతలనూ, ప్రతి భాగం ఎందుకు పెట్టాడో కారణంతో సహా లోకానికి ఉచితంగా ఇచ్చాడు. అందులో ఖరీదైన చిప్పు ఒక్కటీ లేదు. ఎన్‌జేఎం2068, దాని వెనక రెండు ఎన్‌జేఎం4556ఏ, రెండు 9 వోల్టుల బ్యాటరీలు. ఆ చవక సరుకుతోనే, ఎన్నో రెట్లు ఖరీదైన పెట్టెలను కొలతల్లో ఓడించాడు. 2012 తర్వాత ఆయన మాట మళ్ళీ వినిపించలేదు. సొమ్మూ అడగలేదు, సన్మానమూ అడగలేదు. త్యాగరాజస్వామి కృతులు పాడే జాతికి ఇలాంటి మనిషి గొప్పతనం వేరే చెప్పాలా?

పనితనం ఎక్కడుంది

మొదటిది గెయిన్. లోపలికి వచ్చిన సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలన్న లెక్క అది. చూ మోయ్ మూల నమూనాలో 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 1 కిలో ఓమ్ రెసిస్టర్ కలిసి 11 రెట్లు పెంచుతాయి. ఆనాటి నీరసపు ప్లేయర్లకు అది అవసరం. ఇవాళ్టి ఫోన్‌కో, దానికి తగిలించే చిన్న డాక్‌కో (డిజిటల్ పాటను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) 11 పెడితే నాబ్ కాస్త కదిపేసరికి చెవులు చిల్లులు పడతాయి. పైగా పాటతో పాటు రొదను కూడా అన్ని రెట్లూ పెంచుకున్నట్టే. 10 కిలో ఓమ్‌ల చోట 2 కిలో ఓమ్‌లు వేయండి, గెయిన్ 3 అవుతుంది. ఇయర్‌ఫోన్‌కు అది పుష్కలం. 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్ ఉన్నవాళ్ళు 5 దాకా వెళ్ళవచ్చు.

దీనికి పరీక్ష ద్వారం వారి పాత రికార్డింగే. 78 వేగపు రికార్డుల్లో సహజంగా ఒక గరగర ఉంటుంది. ఆ గరగర పాటతో వస్తుంది, పాటతో ఆగుతుంది. పాట ఆపేశాక కూడా చెవిలో ‘సుయ్’ అని మిగిలితే అది మీ ఆంప్ చేస్తున్న రొద. గెయిన్ తగ్గించగానే ఆ ‘సుయ్’ అణగి, కమాను తీగ మీద రాసుకునే సన్నని శబ్దం పైకి తేలుతుంది. అది విన్నవాడు మళ్ళీ గెయిన్ పెంచడు.

రెండోది నాబ్. చిన్న పొటెన్షియోమీటర్లలో మొదటి పావు తిప్పు దగ్గర ఎడమ కుడి సమంగా ఉండవు, పాట ఒక చెవి వైపు ఒరుగుతుంది. అందుకే ఫోన్‌లో శబ్దాన్ని పూర్తిగానో, పగిలిపోకుండా పూర్తికి దగ్గరగానో పెట్టి, ఆంప్ గెయిన్ తక్కువ ఉంచి, నాబ్‌ను సగం దాకా తిప్పి వినాలి. ఫోన్‌ను సగంలో పెట్టి ఆంప్‌తో లాగేవాళ్ళు ముందే నీళ్ళు కలిపిన పాలను కాచి చిక్కబరచాలని చూస్తున్నట్టే.

మూడోది హెడ్‌ఫోన్ స్వభావం. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ వోల్టులు అడుగుతుంది. 16, 32 ఓమ్‌లవి కరెంటు అడుగుతాయి. సీమోయ్‌లో అందరూ వాడే ఓపీఏ2134 చిప్పు 9 వోల్టుల బ్యాటరీ మీద అటూ ఇటూ మూడేసి వోల్టుల దాకా ఊగగలదు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి 300 ఓమ్‌ల దానికి అది బాగా చాలు. అదే చిప్పు 40 మిల్లీ ఆంపియర్లకు మించి ఇవ్వలేదు కనుక, కరెంటు ఎక్కువ తాగే 16 ఓమ్‌ల హెడ్‌ఫోన్ తగిలిస్తే మృదంగం దెబ్బ పడ్డప్పుడల్లా నలిగిపోతుంది. అలాంటివాళ్ళు చిప్పు వెనక బీయూఎఫ్634 లాంటి బఫర్ పెట్టుకోవాలి, లేదా ఓ2 కట్టుకోవాలి.

దీనికి తోడు ఆంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్. హెడ్‌ఫోన్ ఓమ్‌లలో అది ఎనిమిదో వంతు దాటకూడదన్నది మంచి సూత్రం. 32 ఓమ్‌లకు 4 ఓమ్‌లు. అంతకు మించితే, లోపల రెండు మూడు డ్రైవర్లు, అంటే శబ్దం పుట్టించే భాగాలు, ఉన్న ఇయర్‌ఫోన్‌లో ఒక స్థాయి స్వరాలు ఉబ్బి, ఇంకో స్థాయివి కుంగుతాయి. ఘంటసాల గొంతులోని ఆ గంభీరమైన మంద్రం ఉబ్బరంగా మారేది ఇక్కడే. ఓ2లో ఇది అర ఓమ్ పైచిలుకు మాత్రమే. అందుకే దాన్ని నెత్తిన పెట్టుకుంటాను.

నాలుగోది పాత పాటల చీలిక. తొలినాళ్ళ స్టీరియోలో వాయిద్యాలను ఒకటి పూర్తిగా ఎడమకు, ఒకటి పూర్తిగా కుడికి తోసేసేవారు. గదిలో స్పీకర్ పెట్టి వింటే రెండు శబ్దాలూ రెండు చెవులకూ చేరతాయి. హెడ్‌ఫోన్‌లో ఆ కలయిక లేదు, తల మధ్య గోడ కట్టినట్టుంటుంది. బెంజమిన్ బావర్ 1961లోనే దీనికి మందు చెప్పాడు: ఒక వైపు శబ్దంలో కొంత భాగాన్ని, కాస్త ఆలస్యంగా, పై స్థాయిలు తగ్గించి రెండో వైపుకు కలపడం. సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ 1971లో దాన్ని చిన్న సర్క్యూట్‌గా మలిచాడు. క్రాస్‌ఫీడ్ అనే ఆ ఏర్పాటును ఒక మీటతో పెట్టుకోండి. మోనో రికార్డులకు అక్కర్లేదు, స్టీరియో సినిమా పాటలకు ప్రాణం పోస్తుంది.

చేయి పెట్టే చోటు

బ్యాటరీ 9 వోల్టులను రెండుగా చీల్చి మధ్యలో ఒక కృత్రిమ గ్రౌండ్ చేయాలి. రెండు రెసిస్టర్లతో అయిపోతుంది కానీ, టీఎల్ఈ2426 అనే చిన్న భాగం వేస్తే ఆ మధ్య బిందువు కదలకుండా నిలబడుతుంది. చిప్పు కాళ్ళకు ఆనుకునేలా 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు వేయడం మరవకండి. అవి లేకపోతే వేగం ఎక్కువున్న చిప్పులు మన చెవికందని స్థాయిలో తమలో తాము ఊగిపోతూ, వేడెక్కి, పాటను మసక చేస్తాయి. రేకు డబ్బా ఫోన్ రేడియో తరంగాల గోలను అడ్డుకుంటుంది. అయితే బ్యాటరీకి ఛార్జర్ జాక్ కూడా పెట్టుకుంటే, దానికున్న లోహం బ్యాటరీ రుణధ్రువం, హెడ్‌ఫోన్ జాక్‌కున్న లోహం మధ్య గ్రౌండ్. ఆ రెండూ ఒకే డబ్బాను తాకాయా, షార్టే. ఒకటైనా ప్లాస్టిక్ ఒంటి జాక్ కావాలి.

ఇప్పుడు అసలైన ఘట్టం. కట్టడం పూర్తయింది, చేతులు దురద పెడుతుంటాయి. హెడ్‌ఫోన్ పెట్టకండి! నాబ్ పూర్తిగా తగ్గించి, మల్టీమీటర్‌ను 200 మిల్లీవోల్టుల మీద ఉంచి, హెడ్‌ఫోన్ జాక్‌లో ఒక ఖాళీ ప్లగ్ గుచ్చి, ఒక కడ్డీని దాని మొదలుకు, ఇంకో కడ్డీని కొనకు ఆనించండి. తర్వాత మధ్య రింగుకు. రెండు చోట్లా 20 మిల్లీవోల్టుల లోపు వస్తే దేవుడు చల్లగా చూశాడు. వోల్టులు కనిపిస్తే ఎక్కడో టంకం అతుక్కోలేదు, లేదా చిప్పు తిరగబడింది. ఆ స్థితిలో హెడ్‌ఫోన్ తగిలిస్తే దాని తీగచుట్ట కాలిపోతుంది. ఈ కొలత తీసుకునేవాణ్ణే నేను పనివాడంటాను.

మన బంటింగ్ గాలి సంగతి వేరే చెప్పాలి. ఏడాది పొడుగునా చెమ్మే. సముద్రం దగ్గర ఊళ్ళలో నాబ్ తిప్పితే ‘కరకర’ మనడానికి, జాక్ దగ్గర ఒక చెవి పోయి రావడానికి అదే కారణం, లోహం మీద పొర కట్టడం. కాంటాక్ట్ క్లీనర్ ఒక చుక్క వేసి నాబ్‌ను ఆ చివరనుంచి ఈ చివరకు కొన్నిసార్లు తిప్పండి. వాడనప్పుడు బ్యాటరీ తీసేసి, సిలికా జెల్ సంచి పక్కన పెట్టి మూత వేయండి. మంచి ఆంప్ ఎన్నేళ్ళయినా బతుకుతుంది.

కల్తీ మీద కోపం

ఇంత చక్కని విద్యకు ఇవాళ పట్టిన చీడ చూస్తే కడుపు మండుతుంది. ఓపీఏ627 అనే మేలిరకం చిప్పు ఖరీదైనదని తెలియగానే, ఏదో చవక చిప్పు మీద అక్షరాలు గీకేసి, కొత్త అక్షరాలు కొట్టి అమ్ముతున్నారు. పసిడి పూత అని రాసి ఇత్తడి అమ్మే దొంగతనం ఇది! ధర మరీ చవకగా ఉందంటే కొనకండి. కొన్నాక కూడా బ్యాటరీ తీగలో కరెంటు కొలవండి. ఉదాహరణకు, అసలు ఓపీఏ2134 ఒక్కటే నిలకడగా 8 మిల్లీ ఆంపియర్ల చుట్టూ తాగుతుంది, దానికి సూచిక దీపం కరెంటు కలపండి. లెక్కకు పొంతన లేకపోతే చిప్పును నమ్మకండి.

అంతకంటే ఘోరం మార్కెట్‌ను ముంచెత్తిన ‘బాస్ బూస్ట్’ పెట్టెలు. కొలత ఒక్కటీ రాయరు, డబ్బా మీద మెరుపులు గీస్తారు. కింది స్థాయిని ఉబ్బించి అదే నాణ్యత అని పిల్లల చెవులకు అలవాటు చేశారు. ఆ చెవులకు వీణ పలచగా, ఫిడేలు నీరసంగా అనిపిస్తాయి. 2016లో ఐఫోన్ 7 నుంచి హెడ్‌ఫోన్ రంధ్రం మాయమైంది, మిగతావాళ్ళూ ఆ దారే పట్టారు. తీగ లేని సౌకర్యం నడిచేటప్పుడు బాగానే ఉంటుంది, కాదనను. కానీ దాని బ్యాటరీ చచ్చిన రోజున మొత్తం పారేయాలి. సీమోయ్‌లో చచ్చేది 9 వోల్టుల బ్యాటరీ ఒక్కటే, కిరాణా కొట్టులో దొరుకుతుంది.

‘శాస్త్రీయ సంగీతానికి కరెంటు ఆంప్ ఏమిటి’ అని మూతి విరిచే పెద్దలకు పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్‌ను గుర్తుచేస్తాను. మామూలు మాండొలిన్‌లో నాదం చప్పున ఆరిపోతుంది, గమకం నిలవదు. ఆయన అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకుని, ఆంప్ బలంతో స్వరాన్ని సాగదీసి, గమకాన్ని నిలబెట్టి, కర్ణాటక సంగీతానికి కొత్త వాద్యాన్నే ఇచ్చాడు. పరికరం దోషం కాదు, దాన్ని వాడే చేతిలో శ్రద్ధ ఉందా లేదా అన్నదే లెక్క.

ఆ శ్రద్ధలో చెవి క్షేమం కూడా భాగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు 80 డెసిబెళ్ళ దగ్గర వారానికి 40 గంటలు. మంచి ఆంప్ ఉన్నవాడికి గట్టిగా పెట్టాల్సిన పనే లేదు, మెల్లగా పెట్టినా అన్నీ వినిపిస్తాయి.

చివరగా మనవాళ్ళకు ఒక విన్నపం. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1972 నుంచి కౌలాలంపూర్‌లో చిప్పుల కర్మాగారం నడుపుతోంది. ఓపీఏ2134కు పుట్టినిల్లయిన బర్-బ్రౌన్ 2000 నుంచి ఆ సంస్థదే. విడి భాగాలకు పుడూలో జలాన్ పసార్ వీధి ఉంది. ఇన్ని వనరుల మధ్య ఉంటూ మన పిల్లలకు సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం రాకపోవడం సిగ్గుచేటు. తెలుగు సంఘాలు భాషకూ పాటకూ తరగతులు పెడుతున్నాయి, సంతోషం. ఆ గది మూల ఒక బల్ల వేయండి. నాలుగు మల్టీమీటర్లు, కొన్ని చిప్పులు, ఖాళీ రేకు డబ్బాలు పెట్టండి. కట్టడం వచ్చిన పెద్దవాళ్ళు వారానికి ఒక పూట కూర్చోండి. ప్రతి పిల్లా, పిల్లవాడూ తన ఆంప్ తానే కట్టి, తానే కొలిచి, మొదటి పాటగా చిట్టిబాబునో ద్వారం వారినో వినాలి. ఒకసారి అలా విన్న చెవిని ఏ నకిలీ పెట్టె అమ్మేవాడూ మోసం చేయలేడు.