ఔచిత్యము – ఉచితము

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1999లో "డీసెంట్ వర్క్" అను మాటను తన ధ్యేయముగా ప్రకటించినది. న్యాయమైన వేతనము, ప్రాణభయము లేని పనిచోటు, తన మాట చెప్పుకొను హక్కు, వ్యాధి వార్ధక్యములయందు ఆదరువు – ఇవి యన్నియు ఆ మాటలో నిమిడియున్నవి. మనవారు దీనిని "గౌరవప్రదమైన పని" యని తెనిగించుచున్నారు. తప్పులేదు. కాని ఆ యింగ్లీషు మాటకు మూలమైన లాటిను ధాతువునకు "తగియుండుట" యని యర్థము. సంస్కృతమున దానికి సరియైన మాట "ఉచితము". ఆ మాటయే తెలుగువాడుకలో వెల లేనిదను నర్థమునకు దిగినది. నేడు "ఉచితమైన పని" యన్నచో కూలి లేని పని యనియే వినువారికి తోచును. చిత్రపరిశ్రమకు నెలవైన ఫిలింనగరు, మధురానగరు ప్రాంతములయందు ఈ రెండర్థముల నడిమి దూరము కంటికి గానవచ్చుచున్నది.

కావ్యమునకు ఔచిత్యమే జీవితమని క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దమున సిద్ధాంతము చేసెను. మన సినిమా విమర్శకులును ఆ కొలబద్దనే వాడుచున్నారు. పాట అస్థానమున వచ్చినదందురు. పాత్రకు యాస కుదరలేదందురు. ఆ దృశ్యమునకు దీపము పట్టినవానికి, వేషము దిద్దినవానికి తగిన కూలి ముట్టినదా యను ప్రశ్న మాత్రము విమర్శ కాదని తలంచుచున్నారు. ఆ తలంపును మే మంగీకరింపజాలము. నిద్ర లేని చేయి చేసిన పని తెరపై దాగదు.

2025 ఆగస్టు 4వ తేదీనుండి తెలుగు చిత్రసీమ కార్మికులు 30 శాతము వేతనవృద్ధి కోరి పని నిలిపిరి. నైపుణ్యము గలవారెవరైనను, సంఘసభ్యులు గాకున్నను, పనికి పెట్టుకొందుమని నిర్మాతల పక్షమువారు పలికిరి. ఆగస్టు 21న ప్రభుత్వ మధ్యవర్తిత్వమున రాజీ కుదిరినది. దినవేతనము 2000 రూపాయలకు లోబడినవారికి మూడేండ్లలో 22.5 శాతము పెంపు దక్కినది. నైపుణ్యము గోరుట న్యాయమే. కాని దానిని నేర్పువా రెవరు? ఈ సీమలో పెక్కుమంది సహాయకులుగా చేరి, స్వల్పవేతనమునకో ఉచితముగనో పనిచేసి నేర్చుకొన్నవారే. విద్యకు వెల తామే చెల్లించినవారిని విద్య చాలదని తూచుట ఔచిత్యము గాదు.

దేశాంతరముల సహకార మనగా నేమో మన నగరము ఇదివరకే చవిచూచినది. 2012లో వెలువడిన "లైఫ్ ఆఫ్ పై" చిత్రమునకు దృశ్యమాయలు కూర్చిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకు హైదరాబాదునందును శాఖ యుండెను. 2013 ఫిబ్రవరిలో ఆ పనికి ఆస్కారు బహుమతి వచ్చెను. ఆ నెలలోనే ఆ సంస్థ దివాలా దరఖాస్తు పెట్టెను. బహుమతి సభ జరుగుచుండగా బయట వీథిలో ఆ వృత్తివారు నిరసన తెలిపిరి. నైపుణ్యము సముద్రములు దాటినది, రక్షణ దాటలేదు.

చిన్న నిర్మాత పెట్టుబడియే మునిగినపు డీ భారము నెవరు మోతురని కొంద రాక్షేపింతురు. ఆక్షేపణ సహేతుకమే. ఒక చోట కూలి పెరిగిన పని మరియొక చోటికి తరలిపోవును గనుకనే ఈ భారమును ఒక్క నిర్మాతపైనను, ఒక్క రాష్ట్రముపైనను మోపరాదు. 2023 ఫిబ్రవరిలో జెనీవాలో ప్రభుత్వములు, యజమానులు, కార్మికులు కూడి కళా వినోద రంగమున పని భవిష్యత్తును చర్చించిరి. అట్టి చర్చలు కాగితమున నిలువక, పని తెచ్చు ప్రతి ఒప్పందమునందును శిక్షణముతోపాటు పనిగంటలు, భద్రత, జీతము చెల్లించు గడువు చేరవలెను.

మన యిండ్ల బిడ్డలు నేడు యానిమేషను మొదలగు విద్యలకు పోవుచున్నారు. ఏమి నేర్పుదురని తలిదండ్రులు విచారించుచున్నారు. నేర్చినవారిని ఏ షరతులపై పనికి దీసికొందురో కూడ విచారింపవలెను. ఆ ప్రశ్న నలుగురును అడిగిననాడు "ఉచితము" తన పూర్వార్థమును మరల బొందగలదు.