చీర కథ ఎవరు రాశారు?

పెళ్లిచీరల కథలన్నీ ఒకేలా ముగుస్తాయి: అమ్మమ్మ కట్టింది, అమ్మ దాచింది, మనవరాలు కట్టుకుంది, శుభం. కట్టుకున్నామె ఆ కాపురంలో ఎలా బతికిందో ఏ కథా అడగదు.

2017లో సమంత నిశ్చితార్థం చీర మీద డిజైనర్ క్రేషా బజాజ్ ఆ జంట ప్రేమకథనే బొమ్మలుగా ఎంబ్రాయిడరీ చేశారు. గోవా పెళ్లిలో సమంత, నాగచైతన్య అమ్మమ్మ చీర కట్టుకున్నారు. 2021లో ఇద్దరూ విడిపోయారు. 2024లో ఆమె తన తెల్ల పెళ్లి గౌనునే, అదే డిజైనర్ చేత, నల్ల డ్రెస్‌గా మార్పించుకుని వేసుకొచ్చారు.

నాకైతే మూడింట్లో మంచి కథ ఇదే. మొదటిది ముగింపు తెలియకుండా రాసింది, రెండోది పెద్దల దీవెన. మూడోదానికి రచయిత్రి ఆమే. బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన చీరతో పాటు కత్తెర కూడా చేతికిస్తేనే అది వారసత్వం.