మూత తీయని సీసా

సీల్ వేసిన కూల్‌డ్రింక్ సీసాలో చచ్చిన బొద్దింక. తరుణ్ భాస్కర్ రాసి తీసిన ‘కీడా కోలా’ కథంతా ఈ ఒక్క వస్తువు మీద నిలబడింది. 2023 నవంబర్ 3న విడుదలైన ఈ క్రైమ్ కామెడీని విమర్శకులు కొంత మెచ్చుకున్నారు, కొంత పెదవి విరిచారు. నవ్వులు పండాయన్నారు, సంగీతం, కెమెరా పనితనం బాగున్నాయన్నారు. కథ పలచన అన్నారు, రెండో సగం జారిందన్నారు. ఆ ఫిర్యాదుల్లో నిజం ఉంది. అయినా దర్శకుడు ఆ సీసానే ఎందుకు ఎంచుకున్నాడో విప్పి చూస్తే, పలచన అన్న కథలోనే గట్టి పనితనం బయటపడుతుంది.

అందరూ వెంటపడే వస్తువు ఒకటి ఉండటం మన నేరకథలకు కొత్తేమీ కాదు. ‘క్షణక్షణం’ (1991)లో దోచిన సొమ్ము కోసం పరుగులు, ‘స్వామి రా రా’ (2013)లో వినాయక విగ్రహం కోసం పరుగులు. సొమ్ముకూ విగ్రహానికీ సొంత విలువ ఉంది. ఎవరి చేతిలో పడ్డా విలువ తగ్గదు. బొద్దింక పడ్డ కూల్‌డ్రింకుకు ఏ విలువా లేదు, పారబోయాల్సిందే. పరిహారం పేరుతో కంపెనీ నుంచి కోట్లు రాబట్టేలా దాన్ని మార్చేది పైనున్న సీలు మాత్రమే. మూత కదిలిందంటే బొద్దింకను ఎవరైనా వేసి ఉండొచ్చు, సాక్ష్యం చెల్లదు. కాబట్టి సీసా తెరుచుకోకూడదు, పగలకూడదు, చేయి జారకూడదు. దాన్ని దాచాలన్నా, పట్టుకుని పరుగెత్తాలన్నా, దానికోసం కొట్టుకోవాలన్నా అదే పోయే ప్రమాదం. ఉత్కంఠనూ హాస్యాన్నీ ఒకే వస్తువు నుంచి పిండుకునే ఏర్పాటు ఇది. ఇంత చవకైన సరుకుతో ఇంత పని చేయించడం తేలిక కాదు.

ఇలాంటి సీసా న్యాయశాస్త్ర చరిత్రలో నిజంగానే ఒకటి ఉంది. 1928 ఆగస్టులో స్కాట్లాండ్‌లోని పెయిస్లీలో మే డోనహ్యూ అనే ఆమెకు స్నేహితురాలు జింజర్ బీర్ కొనిచ్చింది. ముదురు రంగు సీసా, లోపల ఏముందో కనబడదు. కొంత తాగాక మిగిలింది గ్లాసులో పోస్తుంటే కుళ్లిన నత్త బయటపడిందని ఆమె ఫిర్యాదు. సీసాకు డబ్బిచ్చింది ఆమె కాదు కాబట్టి ఒప్పందం పేరుతో ఎవరినీ నిలదీయలేకపోయింది. 1932లో బ్రిటన్ ప్రభువుల సభ ముగ్గురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరోవైపుగా, సరుకు వాడేవారి పట్ల తయారీదారుకు జాగ్రత్త వహించే బాధ్యత ఉందని తేల్చింది. సరుకు తయారుచేసినవారిని వినియోగదారుడు నేరుగా నిలదీయగలగడానికి ఆ నత్త తీర్పే పెద్ద మెట్టు.

రెండు సీసాలనూ పక్కపక్కన పెడితే తరుణ్ భాస్కర్ చేసిన మార్పు తెలుస్తుంది. డోనహ్యూ తాగింది, తర్వాత చూసింది. సినిమాలో సీసా దొరికిన వాస్తు, లంచం అనే అతని లాయరు మిత్రుడు ముందే చూశారు, తాగలేదు. వాళ్లకు జబ్బు చేయలేదు, నష్టం జరగలేదు. జరగని నష్టానికి కోట్లు కావాలి. అడిగేది న్యాయమేనా, బెదిరింపా అన్న గీత అక్కడే చెరిగిపోతుంది. సినిమాలోని నలుపు హాస్యమంతా ఈ చిన్న తారుమారులో ఉంది. చట్టం దారిలో వెళ్దామంటే, మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కేసు ఏ స్థాయి కమిషన్‌కు వెళ్లాలో నిర్ణయించేది అడిగిన పరిహారం కాదు, సరుకుకు చెల్లించిన ధర. మా ఊరు తిరువూరులో ఏ కిరాణా కొట్టులోనో కొన్న సీసాకు కోట్లు అడిగినా విజయవాడలో జిల్లా కమిషన్ గడపే ఎక్కాలి. అంత ఓపిక వీళ్లకుంటే కథే లేదు.

పాత్రలను మలచడంలోనూ ఇదే లెక్క. వాస్తు (చైతన్యరావు)కు మాట మీద అదుపుండదు. తాత వరదరాజు (బ్రహ్మానందం) చక్రాల కుర్చీలో, పక్కన మూత్రపు సంచితో ఉంటాడు. కార్పొరేటర్ కావాలని తహతహలాడే జీవన్‌కు డబ్బు లేదు. అతని అన్న నాయుడు, అంటే స్వయంగా తరుణ్ భాస్కర్, ఇరవై ఏళ్ల జైలు తర్వాత బయటికొచ్చినవాడు. ఒక్కొక్కరికీ ఒక్కో అడ్డు పెట్టి, అందరినీ వేగం కావాల్సిన కథలోకి తోశాడు. ‘మనీ’ (1993)లో ఖాన్ దాదాగా ఒళ్లంతా ఊపి నవ్వించిన బ్రహ్మానందాన్ని ముప్ఫై ఏళ్ల తర్వాత కుర్చీలో కూర్చోబెట్టడం పెద్ద సాహసం. ఇక్కడ ఆయనకు మిగిలింది ముఖం, గొంతు, మాటకూ మాటకూ మధ్య విరామం. వాటితోనే నెగ్గుకొచ్చాడు. నన్నడిగితే సినిమాలో అన్నిటికన్నా నాణ్యమైన పని అదే.

సంభాషణల్లోనూ ఆ నిగ్రహం కనిపిస్తుంది. ‘పెళ్ళిచూపులు’ (2016)కు సంభాషణలు రాసి జాతీయ పురస్కారం అందుకున్నవాడు తరుణ్ భాస్కర్. హైదరాబాదు మాటను నవ్వుల సరుకుగా కాక మనుషుల మాటగానే రాస్తాడు. ఖమ్మం జిల్లా సరిహద్దున ఉన్న మా తిరువూరులో ఇటు కృష్ణా మాటా అటు తెలంగాణ మాటా చెవిన పడుతూనే ఉంటాయి కాబట్టి ఆ తేడా వెంటనే పట్టేస్తాం.

వివేక్ సాగర్ సంగీతాన్ని విమర్శకులు మెచ్చుకున్నారు. అందులో ఒక చోట మాత్రం నా మనసు ఒప్పుకోలేదు. 2020లో కన్నుమూసిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో వినిపించారు. తమ అనుమతి తీసుకోలేదంటూ ఆయన కుమారుడు ఎస్పీ చరణ్ 2024 జనవరిలో లీగల్ నోటీసు పంపారు. పనిమంతుడి గొంతు అతని పనిముట్టు. అడగకుండా ముట్టుకోకూడదు.

ఇక రెండో సగం. కంపెనీ తరఫున షాట్స్ (రఘురామ్) దిగాక కథ బరువు సీసా మీంచి తుపాకీ మీదికి జరుగుతుంది. తుపాకీ అన్ని సినిమాల్లోనూ ఒకేలా పేలుతుంది. మూత కదులుతుందేమో అన్న భయం ఈ సినిమాకే సొంతం, దాన్ని చివరిదాకా వాడుకోలేదు. జారిందన్నవాళ్లకు జారిన చోటు ఇదే. కథ పలచన అన్నవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. కథకు సరిపడా బలం మొదటి గంటలోనే ఉంది. ముగింపును మోయాల్సిన కీలు ఆ సీలే. దాన్ని వదిలి వేరే చోట బిగించారు.