కింది మూలన పేరు

నా ఒత్తుల గోల ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. ఈ వారం ఎల్లారెడ్డిలో ఒక పుట్టినరోజు ఫ్లెక్సీ ముందు ఆగిపోయాను, ఎప్పటిలా తిట్టుకోవడానికి మాత్రం కాదు. ‘హృదయపూర్వక’లో వ ఒత్తు దాని చోట అది ఉంది. అక్షరాలను అడ్డంగా సాగదీయలేదు. కింది వరుస వచ్చి పై వరుస ఒత్తులను తొక్కలేదు. ఎవరి పనితనమో అని కింది మూల వెతికాను. పేరు లేదు.

నా రెండో గోల అదే. గోడల మీద బ్రష్షుతో రాసిన కాలంలో పెయింటర్ కింది మూలన ‘ఫలానా ఆర్ట్స్’ అని రాసుకునేవాడు. 1967లో ‘సాక్షి’తో మొదలుపెట్టిన పోస్టర్ల ఈశ్వర్ పేరు సినిమా టైటిల్స్‌లో పడేది. బాపు సంతకం సంగతి సరేసరి. మరి మనం రోజూ రోడ్డు మీద చదివే అక్షరాలు పేర్చినవాడు అనామకుడిగా ఎందుకుండాలి?

ఇదే మాట కామారెడ్డిలో నాకు తెలిసిన డిజైనర్ దగ్గర ఎత్తాను. సొంత సిస్టం పెట్టుకుని ఫ్లెక్సీ షాపుల పని, పెళ్లి పత్రికలు చేస్తాడు. నేను వెళ్లేసరికి వాట్సాప్‌లో వచ్చిన పేర్లను అను ఫాంటులో మళ్లీ కొడుతున్నాడు. సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టినదానితో సహా మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి కదా అన్నాను. అతని పాత కోరల్‌డ్రాలో వాటిని వేస్తే అక్షరం ఒకచోట, ఒత్తు ఒకచోట పడతాయట. అందుకే ప్రతి పేరూ మళ్లీ టైపు. తప్పు పడితే రీప్రింటు ఖర్చు అతని నెత్తినే.

మాట 2023 ఎన్నికల మీదికి మళ్లింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, కాబోయే ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఇద్దరూ కామారెడ్డిలో నిలబడి, ఇద్దరూ బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి చేతిలో ఓడిన ఎన్నిక. “ముగ్గురియీ ఈ సిస్టంలనే అయినయ్ సార్” అన్నాడు. మూడు పార్టీలు, మూడు ఫోల్డర్లు. ఒక పార్టీ మనిషి గడప తొక్కితే రెండో పార్టీ ఫైలు మూసెయ్యాలి. పైన గుండ్రాల్లో పెద్ద నాయకులు, నడుమ అభ్యర్థి, కింద వరుసగా వార్డు నాయకులు. ఆ కింది వరుసతోనే చావు. ఒక తల పక్క తలకన్నా వెంట్రుకవాసి పెద్దదైనా అర్ధరాత్రి ఫోను మోగుతుంది. అందుకని గడ్డం దగ్గర ఒక గీత, నెత్తి దగ్గర ఒక గీత పెట్టుకుని అందరినీ వాటి మధ్య కూర్చోబెడతాడు. “రుమాలు కట్టినోళ్లతోటే తిప్పలు. వాళ్లకు కనుబొమ్మల కాడికే కొలుస్త.” కూర్పు గురించి ఇంత సూక్ష్మమైన పాఠం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నేను వదల్లేదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఏ సెక్షన్ ఎన్నికల పోస్టరు మీద ప్రింటర్, పబ్లిషర్ పేర్లు, చిరునామాలు ఉండాలంటుంది. లేకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టానికి కూడా డిజైనర్ కనపడలేదు చూశావా అన్నాను.

“అదే మంచిగైంది సార్. గులాబీ ఫ్లెక్సీ మీద నా పేరు పడితే తెల్లారి కాషాయపోళ్లు వస్తరా?”

ఈశ్వర్‌కు ఆ ఇబ్బంది లేదు. ఒక హీరో సినిమాకు పోస్టరు చేస్తే ఇంకో హీరో నిర్మాత తలుపు మూసుకునేవాడు కాదు. కామారెడ్డిలో బతకాలంటే పార్టీలన్నీ రావాలి, కులసంఘాలన్నీ రావాలి, గణేశ్ మండపాలన్నీ రావాలి. పేరు లేకపోవడమే అతని దుకాణానికి రక్ష. ఇన్నేళ్లుగా నేను అతని తరఫున అడుగుతున్నది అతనికి అక్కర్లేనిది.

కావలసింది వేరే ఉంది. “పేరెందుకు సార్, బిల్లుల డిజైన్‌కు ఒక లైను రాయమనుండ్రి.” షాపు బిల్లులో పొడవు, వెడల్పు, చదరపు అడుగు రేటు ఉంటాయి. ఆఖరికి కర్రల ఖర్చు కూడా ఉంటుంది. తలలు కొలిచిన రాత్రికి గడి లేదు. షాపువాళ్లు అతనికిచ్చేది ఆ అడుగుల డబ్బుల్లోంచి ఎంత తోస్తే అంత. షాపు ముందు ‘డిజైన్ ఉచితం’ అని పెద్దక్షరాల బోర్డొకటి వేలాడుతుంది. అదీ అతను చేసిందే.