ఎంటర్ కొట్టే పోరగాళ్లు

2004 ప్రాంతంలో కరీంనగర్ బస్టాండుకు దగ్గర ఒక సందులో ఆరు కంప్యూటర్ల గేమ్ సెంటర్ ఉండేది. గంటకు పది రూపాయలు. బయట బోర్డు మీద 'ఇంటర్నెట్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా, దానికోసం వచ్చేది నాలాంటి ఒకరిద్దరే. మిగతా కుర్చీలన్నీ వైస్ సిటీ ఆడే పోరగాళ్లవి. కుర్చీకి ఇద్దరు, వాళ్ల వెనక నిలబడి సలహాలిచ్చేవాళ్లు నలుగురు. నా మెయిల్ తెరుచుకోవడానికి పట్టే టైములో వాళ్ల ఆట సగం చూసేసేవాణ్ని.

ఒక సంగతి అప్పట్లో నాకు గమ్మత్తుగా తోచేది. ఆ ఆటలో మధ్యమధ్య సినిమా సీన్లు వస్తాయి. టామీ వర్సెటీ అనే హీరో ఎవరితోనో బేరం మాట్లాడతాడు, ఎవరో మోసం చేస్తారు, ఎవరో బెదిరిస్తారు. సీను మొదలవడం ఆలస్యం, పోరడి వేలు ఎంటర్ మీద పడేది. సీను మాయం. ఆ ఇంగ్లిష్ వాళ్లకు అందదు. అందుకునే తీరికా లేదు, పది రూపాయలు నిమిషనిమిషానికీ కరిగిపోతున్నాయి. వాళ్లకు కంఠతా వచ్చిన ఇంగ్లిష్ ముక్క ఒక్కటే, 'పాంజర్'. అది టైపు చేస్తే యుద్ధ ట్యాంకు ఊడిపడుతుంది.

"కథ తెల్వకుంట ఎట్ల ఆడుతున్నవ్‌రా?" అని మా మేనల్లుణ్ని అడిగాను. వాడప్పుడు ఏడో తరగతి.

"కథేంది మామా! పోలీసోళ్లు ఎంబడి వడితె బండికి రంగేపిచ్చుకుంటె అయిపాయె. అంత మర్సిపోతరు."

అప్పుడు నవ్వాను. ఇరవై ఏళ్లు ఆటల గురించి చదివి, ఆడి, అప్పుడప్పుడు రాసి చూశాక ఇప్పుడు అనిపిస్తోంది, ఆ ఆట మీద అంతకంటే మంచి విమర్శ నేను చదవలేదని. షెడ్డులో బండికి రంగు కొట్టిస్తే నేరాలన్నీ మాఫీ అయ్యే ఊరది. అక్కడ చట్టానికి కనబడేది రంగు ఒక్కటే. ఆ ఊరి కథంతా అందులోనే ఉంది. ఆ కథను చెప్పింది సీన్లు కాదు, ఆట నియమం. ఎంటర్ కొట్టినా అది పోదు.

అందుకే ఏ ఆట గురించైనా నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే. మాటలన్నీ దాటేసి ఆడాలి. చేతులకు ఏం అర్థమైందో చూడాలి. క్లింట్ హాకింగ్ అనే గేమ్ డిజైనర్ 2007లో 'బయోషాక్' మీద ఒక విమర్శ రాశాడు. ఆ ఆట కథ ఒక నీతి చెబుతుంటే, ఆడే తీరు మనకు ఇంకో నీతి నేర్పుతోందన్నది ఆయన ఫిర్యాదు. ఆ వైరుధ్యానికి పలకడానికి కష్టమైన పేరొకటి పెట్టాడు, అది లోకమంతా పాకింది. మా భాషలో అయితే మాటొకటి, చేతొకటి. మనుషుల్లో ఈ జబ్బును మనం ఎప్పుడో కనిపెట్టాం, ఆటల్లో పట్టుకోవడమే ఆలస్యమైంది.

నిజానికి మన ఇళ్లల్లో రెండు రకాల ఆటలూ ఉన్నాయి. వైకుంఠపాళి తీసుకోండి. గడిగడికీ ఒక పేరు, పాముకో పాపం, నిచ్చెనకో పుణ్యం. తీరా పైదాకా ఎక్కాక అరుకాసురుడు నోరు తెరుచుకుని ఉంటాడు. కథకు కొదవ లేదు. కానీ ఆడేవాడు చేసేదేముంది? గవ్వలు వేయడమే. పాపం చేయాలా వద్దా అని మనల్ని ఎవరూ అడగరు. విధి అంటే అంతే కదా, ఆ ఆట చెప్పదలచుకున్నదీ అదేనేమో అని వాదించవచ్చు. అయినా నాకది పెద్ద పెద్ద కంపెనీల ఖరీదైన ఆటల్ని గుర్తుచేస్తుంది. బొమ్మలు అద్భుతం, మనం మాత్రం పందెం వేసి పక్కన కూర్చోవాలి.

పులి-మేక అట్లా కాదు. 3 పులులు, 15 మేకలు, గుడి అరుగు మీద బొగ్గుతో గీసిన గీతలు. మేకను దాటి దూకితే పులి దాన్ని తినేస్తుంది. మేక పులిని ఎన్నటికీ చంపలేదు, చుట్టూ చేరి కదలకుండా కట్టెయ్యగలదు, అంతే. పైగా 15 మేకలూ గీతల మీదికి వచ్చేదాకా ఒక్క మేకా జరగడానికి లేదు. పులులు మాత్రం మొదటి నుంచీ స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. మొదట్లో రెండు మేకల్ని పోగొట్టుకుని, మిగతావాటిని ఒకదాని వెనక ఒకటి ఆనించి నిలబెట్టి, చివరికి మూడు పులుల్నీ మూలకు తోసినప్పుడు మనిషికి ఏదో తెలిసివస్తుంది. ఒక్క మాట లేదు. దొరల గడీల కింద బతికిన మా ఊళ్లల్లో మేకల వైపు కూర్చున్న ముసలివాళ్లు ఏం అనుకుంటూ ఆడేవారో అని చాలాసార్లు అనుకున్నాను.

ఇప్పటి మన ఆటల్ని ఈ తూకంలో పెడితే లెక్క ఏమంత బాగుండదు. 2017లో 'బాహుబలి' సినిమా మీద బెంగళూరు వాళ్లు మొబైల్ గేమ్ తెచ్చారు. కోట కట్టు, సైన్యాన్ని పెంచు, కాలకేయుల మీదికి పంపు. పేర్లు తీసేస్తే అది ఏ రాజ్యమైనా కావచ్చు. సినిమాలో జనం ఏడ్చింది కట్టప్ప కత్తికి, ఆ నమ్మకద్రోహానికి ఆటలో చోటే లేదు. పుణెలో తయారై 2020లో వచ్చిన 'రాజీ' దీనికంటే ఎన్నో మెట్లు పైన ఉంది. తమ్ముడి కోసం వెతికే ఒక గారడి పిల్ల కథ, దాన్ని దుర్గ, విష్ణువు మాట్లాడుకుంటూ చెబుతారు, మధ్యలో తోలుబొమ్మలు. చూడముచ్చటగా ఉంటుంది. ఎంటర్ పరీక్షలో మాత్రం నా చేతికి మిగిలింది త్రిశూలంతో పొడవడం, గోడలెక్కడం. తమ్ముడు మాటల్లోనే ఉండిపోయాడు.

పరీక్ష నెగ్గిన ఆట ఒకటి చెబుతాను. 'నెవర్ అలోన్', 2014. అలాస్కాలో ఇనుపియాక్ అనే ఆదివాసుల కథ. అక్కడి గిరిజన మండలి ఒకటి తానే పూనుకుని గేమ్ కంపెనీ పెట్టి దీన్ని చేయించింది. పెద్దలు, కథలు చెప్పేవాళ్లు, ఊరివాళ్లు 40 మంది దాకా పనిచేశారు. కథ చెప్పే గొంతు వాళ్ల భాషలోనే ఉంటుంది. నాకు ఒక్క ముక్క రాదు, అయినా ఆడాను. ఒక చిన్నపిల్ల, ఒక నక్క. ఒకరు లేకుండా ఇంకొకరు ముందుకు పోలేరు, ఒకరు చస్తే ఇద్దరి ఆటా ముగిసినట్టే. మంచుగాలి ఎదురుగా కొట్టినప్పుడు పరుగు ఆపి వంగి కూర్చోవాలి, లేకపోతే ఎగిరిపోతాం. గాలి ముందు బలం చూపించకూడదని ఆ పెద్దలు పిల్లలకు చెప్పాలనుకున్న మాట నా బొటనవేలికి అర్థమైంది.

అది ఆడిన రోజునుంచి నా మనసు ఆదిలాబాద్ మీదికి పోతోంది. గోండులకు కిక్రీ వాయిస్తూ వంశ కథలు పాడే పర్ధాన్లు, తోటీలు ఉన్నారు. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర మొదలయ్యే ముందు గోండుల్లో మెస్రం వంశస్థులు గోదావరి ఒడ్డున హస్తినమడుగు దాకా చెప్పుల్లేకుండా నడిచి గంగాజలం తెస్తారు. రోజుల తరబడి నడక, ఊరూరా మజిలీ. బరువు మోస్తూ నడవడమే ఆటగా చేసి, వాగు దాటేటప్పుడు కాలు జారితే గుండె జారేటట్టు చేసి, జపాన్‌లో హిదెయో కొజిమా 2019లో 'డెత్ స్ట్రాండింగ్' తెస్తే లోకం అబ్బురపడింది. అంతకంటే గట్టి నడక కేస్లాపూర్ నుంచి ఏటా జరుగుతోంది. దాన్ని ఆటగా చేయాలా వద్దా, చేస్తే ఎట్లా అన్నది మెస్రం వాళ్లు తేల్చాల్సిన మాట. అలాస్కా వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది మొదట అదే.

ఇన్ని మాటలు చెప్పే నేను చేసిన నిర్వాకం కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట నలుగురు ఇంజినీరింగ్ పిల్లలు నిజాం మీద తిరగబడ్డ గోండు వీరుడు కుమ్రం భీం మీద గేమ్ చేస్తున్నాం, డైలాగులు రాసివ్వండి సార్ అని వచ్చారు. వాళ్లు చేసింది చూశాను. భీం తుపాకీ పట్టుకుని చెట్ల మధ్య పరిగెడుతున్నాడు, నిజాం పోలీసులు పడిపోతున్నారు. నేను పొంగిపోయి ముప్పై పేజీలు రాశాను. జల్ జంగల్ జమీన్, 12 గూడేల మీద హక్కు, 1940, జోడేఘాట్, అన్నీ పెట్టాను. పిల్లలు వాటిని సీన్లుగా అతికించారు. ఆడి చెప్పమని మా మేనల్లుడికి ఇచ్చాను. వాడికిప్పుడు ముప్పై దాటాయి, తలలో నాలుగు తెల్లవెంట్రుకలు. మొదటి సీను రాగానే వాడి వేలు ఎక్కడికి పోయిందో మీకు తెలుసు.

"ఏముందిరా?" అన్నాను.

"కాల్పులే ఉన్నయ్ మామా. గాయన భీం అని ఎట్ల తెలుస్తది?"

ఎట్లా తెలియాలో ఆ రాత్రి తోచింది. 2013లో లూకస్ పోప్ అనే ఆయన ఒక్కడే చేసిన 'పేపర్స్, ప్లీజ్'లో మనం సరిహద్దు గుమాస్తాలం. పగలు కాగితాలు చూసి ముద్ర కొట్టాలి, రాత్రి ఆ జీతంతో ఇంట్లో వాళ్లకు తిండా, మందులా, చలిమంటా తేల్చుకోవాలి. తుపాకీ పట్టే ముందు భీం ఉన్నదీ అట్లాంటి లెక్కల మధ్యనే. పోడు కొట్టి చేను వేస్తే అది రిజర్వు అడవి అంటారు, పశువుల్ని మేపితే సుంకం, కోతకొచ్చిన పంట మీద ఇంకొకడి హక్కు. ఆడేవాడికి మొదటి మూడు గంటలు ఒక చేను ఇవ్వాలి. ఏడాదికోసారి అడవి గీత ముందుకు జరగాలి. సుంకం కట్టొచ్చు, దాక్కోవచ్చు, హైదరాబాద్‌కు అర్జీ మోసుకుపోవచ్చు. గీత మాత్రం ఆగదు. అన్ని దారులూ మూసుకుపోయాక తుపాకీ చేతికొస్తే, అప్పుడు ఏ సీనూ అక్కర్లేదు. మేకల వైపు కూర్చుని ఆడినవాడికి అది తెలుసు. నాకూ తెలిసి ఉండాల్సింది.

ఈ మాట చెప్పేసరికి పిల్లల్లో ఇద్దరికి హైదరాబాద్‌లో ఉద్యోగాలు వచ్చాయి. ఆట అక్కడే ఆగింది. నా ముప్పై పేజీలు బీరువాలో ఉన్నాయి. ఎవరైనా మళ్లీ మొదలుపెడితే తప్పకుండా రండి, చాయ్ తాగుతూ మాట్లాడుకుందాం. ఆ పేజీలు మాత్రం అడగకండి.