మసూరాక్షుల వంశము

ప్రకృతిశాస్త్రములమీద మన గృహములలో తరచుగా వినబడు ఆక్షేపణ యొకటి కలదు. “ఈ శాస్త్రజ్ఞులు నిన్న నొక పేరు పెట్టుదురు; నేడు దానిని తీసివేసి వేరొక పేరు పెట్టుదురు. నిన్న సత్యమన్నదానిని నేడు పొరపాటందురు. తమ మాటమీద తామే నిలువనివారి మాట మనమేల నమ్మవలెను?” అని. ఈ యాక్షేపణ చేయువారందఱును అవివేకులు కారు. కావున దీనిని నవ్వి త్రోసివేయక, ఒక ఉదాహరణమునందు పెట్టి పరీక్షించుట యుక్తము. అందులకు మేము ఎన్నుకొన్నది, భూమిమీద మనుష్యుడు పుట్టుటకు కోట్ల యేండ్లకు పూర్వమే నశించిన చిన్న సముద్రజంతువుల వంశము. దానికి శాస్త్రమునందు ఫేకోపిడే యని పేరు. ఆక్షేపకులు చెప్పు దోషములన్నియు ఈ వంశచరిత్రయందు నిండుగా కలవు. అవి నిజముగా దోషములగునా కావా యనునదియే మా విచారణ.

ఫేకోపిడే వంశము ట్రైలొబైటు లనబడు జంతువులలోనిది. రొయ్యలు, పీతలు, తేళ్లు మొదలగు కీళ్లకాళ్ల ప్రాణులకు ఇవి దూరపు జ్ఞాతులు. ట్రైలొబైటనగా మూడు తమ్మెలు గలది. తల, నడుము, తోక యను మూడింటిని బట్టి యీ పేరు వచ్చెనని పలువురు తలంతురు గాని యది సరికాదు. వీపుమీద నిలువునా సాగు నడిమి దిమ్మెయు, దానికి ఇరుప్రక్కల నున్న రెండు భాగములును కలిసి మూడు. ఆపద వచ్చినప్పుడు మన పెరటిలోని రోకలిబండ పురుగు చుట్టుకొనునట్లు, ఈ వంశములోని జంతువులును తల తోక కలిపి ముడుచుకొనెడివి. అట్లు ముడుచుకొన్నవి ముడుచుకొన్నట్లే రాయియై దొరకుచున్నవి.

ఈ వంశమునకు మూలమైన ఫేకాప్స్ అను పేరును 1839లో ఎమ్రిక్ అను జర్మను పండితుడు పెట్టెను. గ్రీకుభాషలో ‘ఫేకోస్’ అనగా మసూరపప్పు. ‘ఆప్స్’ అనగా కన్ను, ముఖము. మనము కంటియద్దములకును దూరదర్శినులకును వాడు ‘లెన్సు’ అను మాటయు లాటిను భాషలో మసూరపప్పునకే పేరు. నడుమ ఉబ్బి అంచుల పలుచనైన ఆ గింజను చూచినవారికి ఈ పోలిక తెలియకపోదు. సంస్కృతమున వీనిని మసూరాక్షులనవచ్చును. తక్కిన ట్రైలొబైటులలో పెక్కింటి కంటియందు సన్నని కటకములు ఒకదానినొకటి యొరసికొని, అన్నిటిమీదను ఒకే పొర కప్పియుండును. మసూరాక్షుల కంటియందో, ఒక్కొక్క కటకము పెద్దదై, విడివిడిగా తన పొరతో తానుండి, నిలువు వరుసలలో తీర్చబడియుండును. ఈ వరుసలను చేతి భూతద్దముతోనే లెక్కింపవచ్చును.

ఇక పేర్ల కథ. 1832లో అమెరికాయందలి జేకబ్ గ్రీను ఆ దేశపు ట్రైలొబైటులను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. అందు ఒక జంతువును, అంతకుముందే యున్న కాలిమీన్ అను ప్రజాతిలో చేర్చి, దానికి ‘రానా’ యని పేరిడెను. లాటిను భాషలో రానా యనగా కప్ప. ఉబ్బిన నుదురును, ఇరుప్రక్కల లేచిన కన్నులను గల ఆ ముఖమును చూచినవారికి ఆ పేరు తగియున్నదనియే తోచును. తరువాతి పండితులు అది కాలిమీన్ కాదనియు మసూరాక్షులలోనిదనియు గుర్తించి, ఫేకాప్స్ రానా యనిరి. ఆ పేరుతోనే యది శతాబ్దమునకు మించి ప్రసిద్ధమయ్యెను.

న్యూయార్కు నగరమునందలి ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలకు చెందిన నైల్స్ ఎల్డ్రెడ్జి యీ జంతువు కంటి వరుసలను పొరలు పొరలుగా పరిశీలించి, 1972లో ఆ పరిశోధనమును ప్రకటించెను. కాలక్రమమున కొంచెము కొంచెముగా మార్పు కనబడునని యందఱును ఎదురుచూచెడి దినములవి. కాని శిలలయందు కనబడినది వేఱు. పదునెనిమిది వరుసలుగల జంతువులు దీర్ఘకాలము మార్పులేకయే యుండి, పిమ్మట పదునేడు వరుసలు గలవి వాని స్థానమున వచ్చినవి. మార్పు అంచులనున్న చిన్న సమూహములలో త్వరగా జరిగి, తరువాత విస్తరించెనని యాయన తీర్మానించెను. ఆ సంవత్సరమే స్టీఫెన్ జే గూల్డుతో కలిసి ఆయన వ్రాసిన వ్యాసము పరిణామవాదులలో గొప్ప చర్చకు కారణమయ్యెను. వెదకినది దొరకనప్పుడు, దొరకనిదే సమాచారమని గ్రహించుట యిందలి విశేషము.

1990లో జర్మను పండితుడు స్ట్రూవె, అమెరికాయందలి యీ జంతువు ఐరోపాయందలి అసలు ఫేకాప్సుతో ఒకే ప్రజాతిలో నుండదగినది కాదని వాదించి, ఎల్డ్రెడ్జి గౌరవార్థము ఎల్డ్రెడ్జియాప్స్ అను క్రొత్త ప్రజాతిని కల్పించెను. ఇప్పుడు దానిని ఎల్డ్రెడ్జియాప్స్ రానా యని వ్రాయుచున్నారు. ఇట్లు మూడు ప్రజాతుల పేర్లు మారెను. ఇదిగో మేము చెప్పిన దోషమని ఆక్షేపకులు చేయి చూపవచ్చును.

కాని వారు ఆ పేరును తుదివరకు చదువవలెను. శాస్త్రగ్రంథములలో అది “ఎల్డ్రెడ్జియాప్స్ రానా (గ్రీన్, 1832)” అని యుండును. జంతుశాస్త్రనియమము ప్రకారము, మొదట పేరు పెట్టినవాడు పెట్టిన ప్రజాతిలోనే జంతువు నేటికిని ఉన్నయెడల అతని పేరు విడిగా వ్రాయుదురు. జంతువును వేఱు ప్రజాతిలోనికి మార్చినయెడల అతని పేరును కుండలీకరణములలో నుంచుదురు. అనగా ఆ రెండు వంకర గీతలు చదువరితో నిట్లనుచున్నవి: “ఈ మాట మొదట నిట్లు లేదు. దీనిని మార్చినారము. మొదట చెప్పినవాడు ఫలానివాడు. చెప్పినది ఫలాని యేట.” గ్రీను పొరపాటును దిద్దినారు గాని గ్రీనును తుడిచివేయలేదు. ఆయన యిచ్చిన ‘రానా’ చెక్కుచెదరలేదు. మాట మార్చుట దోషము కాదు. మార్చి, మార్చలేదనుట దోషము.

ఇది పాశ్చాత్యులకే చెల్లిన ధర్మమని యనుకొనరాదు. పాణిని సూత్రములలో చాలనిచోట్ల కాత్యాయనుడు వార్తికములు చేర్చెను. పతంజలి ఇరువురి మాటలను తూచి భాష్యము వ్రాసెను. మువ్వురు మునులకు భేదము వచ్చినచోట తరువాతివాని మాటయే బలవత్తరమని మన వైయాకరణులే యంగీకరించిరి. అంతమాత్రమున పాణిని గౌరవమునకు లోటు కలుగలేదు. పూర్వుని మ్రొక్కుచునే దిద్దు విద్య మన యింటిది. మఱచితిమే కాని లేకపోలేదు.

దీనికి విరుద్ధమైన దృష్టాంతము నొకటి చూపుదుము. అమెరికాయందలి పెన్సిల్వేనియా రాష్ట్రము 1988లో ఈ జంతువును తన రాష్ట్ర శిలాజముగా శాసనముచే ప్రకటించెను. శాసనమునందలి పేరు ఫేకాప్స్ రానా. రెండేండ్లకే పండితులు పేరు మార్చిరి, శాసనము మారలేదు. ఇందు హాని యేమియు లేదు. కాని శాసనమునకును శాస్త్రమునకును గల భేద మిందు తెలియుచున్నది. ఒకటి వ్రాసినదానిని నిలుపుకొనుటకు ఏర్పడినది; రెండవది చూచినదానిని బట్టి మరల వ్రాయుటకు ఏర్పడినది. మన యాచారములలో పెక్కు, శాసనములై యుండియు శాస్త్రములమని చెప్పుకొనుచున్నవి.

అయితే విమర్శ ఆక్షేపకులకే పరిమితము కారాదు. శాస్త్రాభిమానులకును తగినంత కలదు. ఈ జంతువుల కంటి కటకములు కాల్సైటు స్ఫటికముతో నున్నవి. ఆ స్ఫటికముగుండ చూచిన వస్తువు రెండుగా కనబడును. ఒక్క అక్షమువెంట చూచినప్పుడు మాత్రము ఒక్కటిగా కనబడును. కటకములు ఆ యక్షమువెంటనే అమరియున్నవి. 1975లో లెవీ-సెట్టి, క్లార్క్‌సన్ అను ఇరువురు, వీనిలోని వంపులు పదునేడవ శతాబ్దమున డెకార్టు, హైగెన్సులు గణితముచే కనుగొన్న దోషరహిత కటకముల వంపులను పోలియున్నవని ప్రకటించిరి. అది గొప్ప పరిశీలనమే. కాని దానిని చేపట్టిన జనరంజక రచయితలు, ఈ కన్ను సృష్టిలోకెల్ల నిర్దుష్టమైన యంత్రమని స్తోత్రములు ప్రారంభించిరి. 2019లో డెన్మార్కునందు దొరకిన సుమారు 5.4 కోట్ల యేండ్లనాటి పొడుగుకాళ్ల యీగల శిలాజములందును కంటి కటకములు కాల్సైటై యుండుట బయటపడెను. ఆ జాతి యీగల సజీవనేత్రములందు కాల్సైటు లేదు. కావున ట్రైలొబైటుల కంటి స్ఫటికమును చచ్చిన తరువాత చేరినదేమో యను సందేహము పుట్టి, వాదము సాగుచున్నది. పరిశీలకులు సందేహించుచుండగా భక్తులు స్తోత్రములు చదువుట శాస్త్రమర్యాద కాదు.

పండితులు చూడనొల్లని సందర్భము నొకటి కలదు. జర్మనీయందలి హున్స్‌రూక్ పలకరాళ్లలో ఈ వంశపు చోటెకాప్స్ అను ప్రజాతి దొరకును. ఎక్సుకిరణ విద్యయందు ఉద్యోగించిన విల్హెల్మ్ స్ట్యూర్మర్, ఆ రాళ్లను కిరణములతో ఛాయాచిత్రములు తీసి, కంటివెనుక నరములవంటి తంతువులు కనబడుచున్నవని 1970ల దశాబ్దమున చెప్పెను. నాటి పండితులు ఒప్పుకొనలేదు. ఆయన 1986లో మరణించెను. ఆయన చిత్రములలో ఎఱ్ఱసిరాతో బాణపుగుర్తు వేసి చూపిన స్థానమును, బ్రిజిట్ షోనెమాన్ మొదలగువారు మరల పరిశీలించి, ఒక్కొక్క పెద్ద కటకముక్రింద నొక చిన్న సంయుక్తనేత్రమే యున్నదని 2021లో ప్రకటించిరి. వీరిలో పైని చెప్పిన క్లార్క్‌సన్ కూడ నొకడు. ఇదియు తుదిమాట యని మేమనము. కాని త్రోసివేసిన చిత్రములు చించివేయబడక నిలిచియుండుటచేతనే మరల చూచుట సాధ్యమయ్యెను.

కంటికి పేరుపడిన ఈ వంశమునందే కన్నులులేని ప్రజాతులును కలవు. వానిలో ట్రైమెరోసెఫాలస్ ఒకటి. ఇవి కన్నులుగల పూర్వులనుండి వచ్చి, వెలుతురు చాలని తావుల బ్రదుకు మరగి, చూపు కోల్పోయినవని పండితుల యూహ. పోలండునందు సుమారు 36.5 కోట్ల యేండ్లనాటి రాళ్లలో ఇవి ఒకదానివెనుక నొకటి బారులు తీరి నడచుచు చచ్చినట్లు దొరకినవి. మన తార్కికులు చెప్పు అంధపరంపరాన్యాయము రాతిలో చెక్కినట్లున్నది! పరిణామమనగా నిరంతరాభివృద్ధి యని నమ్మువారు ఈ బారును చూడవలెను. డెవోనియను యుగాంతమున, సుమారు 35.9 కోట్ల యేండ్ల క్రిందట, ఈ వంశము సమూలముగా నంతరించెను.

1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతువివాహము జరిపించిననాడును, పెద్దల మాట మారదను వాదమే యెదురువచ్చెను. మారని మాట గొప్పదను భ్రమ ఇంటింట నేటికిని తీరలేదు. కావున బిడ్డలు పుస్తకము తెచ్చి, “పోయినయేడు ఇట్లు లేదే!” యని యడిగినప్పుడు విసుగుకొనకుడు. ఎవరు మార్చిరి, ఎప్పుడు మార్చిరి, ఏమి చూచి మార్చిరి యని వారిచేతనే వెదకింపుడు. ఈ మూడు ప్రశ్నలకు శాస్త్రము బదులు చెప్పగలదు. అవే ప్రశ్నలు వారు మన యింటి యాచారములను గూర్చి యడిగినయెడల, బదులు చెప్పుటకు మనమును సిద్ధపడి యుండవలెను.