గాలి లెక్క తెలిసిన చేతులు

నర్సీపట్నం దాటి చింతపల్లి రోడ్డు పట్టుకుంటే లంబసింగి ఘాట్. ఇక్కడి మెకానిక్ పనితనం ఆ ఎక్కుడులోనే తేలిపోతుంది.

ఎయిర్ ఫిల్టర్ మార్చడమే తీసుకోండి. మన దగ్గర 2007లో స్విఫ్ట్‌కి వచ్చిన 1,248 సీసీ డీజిల్ ఇంజిన్ అసలు ఫియట్‌ది. ఆ తర్వాత ఇండికా విస్టాలోనూ, పుంటోలోనూ అదే కూర్చుంది. ఇంజిన్ ఒకటే కదా, దీని ఎయిర్ ఫిల్టర్ డబ్బా దానికి వేసేద్దాం అనిపిస్తుంది. ఒక తల్లి బిడ్డలైనా చొక్కాల కొలతలు ఒకటి కావు!

తెలిసిన మెకానిక్ ముందు చూసేది గాలి కొలిచే సెన్సర్ ఉన్న గొట్టం లోపలి వెడల్పు. గొట్టం వెడల్పైతే గాలి వేగం తగ్గి సెన్సర్ లెక్క తక్కువ చూపిస్తుంది. బండికి లాగుడు పోతుంది. ఇరుకైతే లెక్క ఎక్కువై నల్లపొగ. తర్వాత ఫిల్టర్ దాటిన గొట్టంలో వేలు పెట్టి చూస్తాడు. దుమ్ము చార కనిపిస్తే ఎక్కడో సందు ఉన్నట్టే; ఆ దుమ్ము టర్బో రెక్కల్ని అరగదీస్తుంది. లంబసింగి దగ్గర సుమారు 1,000 మీటర్ల ఎత్తున గాలే పలచన, అక్కడ టర్బో తర్వాత లీకుంటే ఈల తప్ప బలం ఉండదు.

మోత కోసం కుర్రాళ్లు కోన్ ఫిల్టర్ అడుగుతారు. బానెట్ కింది వేడిగాలి పీల్చి ఏం లాభమని వద్దంటాడు.

అమ్మకం పోయినా “ఇది కుదరదు బాబూ” అనగలిగినవాడే మెకానిక్. అలాంటివాడు దొరికితే మజూరీ దగ్గర బేరమాడకండి.